నలభై ఒకటో నెంబరు పాలు

రసాయన శాస్త్రం పుస్తకంలో మొదటి పాఠం పదార్థం, దాని కొలత. ద్రవ్యరాశి, ఘనపరిమాణం, సాంద్రత, ఉష్ణోగ్రత. చదువుకునే రోజుల్లో ఎవరూ ఆ పాఠం దగ్గర ఆగరు. ఆమ్లాలూ క్షారాలూ ఎప్పుడొస్తాయా, రంగులు ఎప్పుడు మారతాయా అని దాటేస్తారు. నేనూ అలాగే దాటాను. తరవాత ఇరవై రెండేళ్ళు ఆ ఒక్క పాఠం మీదే జీతం తీసుకున్నాను. ఉద్యోగంలో నేను చేసిన పెద్ద తప్పు కూడా ఆ పాఠంలోదే. ల్యాబుల్లో కొత్తగా చేరే పిల్లల్లో ఒక్కరికైనా పనికొస్తుందేమోనని రాస్తున్నాను. పేర్లు రాయను. నా డైరీల్లో తేదీలున్నాయి, అవి చాలు.

1994 జనవరి 3, సోమవారం నాడు నన్ను మేడ్చల్ దాటాక అత్వెల్లి రోడ్డు పక్కనున్న పాల సేకరణ కేంద్రానికి మార్చారు. అప్పటికి నాకు నలభై తొమ్మిదో ఏడు. మాది కృష్ణా జిల్లా. పెళ్ళి చేసుకోలేదు. మేడ్చల్ బస్టాండు వెనక ఒక గది అద్దెకు తీసుకున్నాను. మొదటి బస్సుకు పోయి, మధ్యాహ్నం రెండింటికి వచ్చి, వండుకుని, రేడియోలో వార్తలు వినేదాన్ని. ఆదివారం కూడా కేంద్రం ఉండేది. ఉంటేనే నయం అనిపించేది.

పని ఇది. పొద్దున ఆరు నుంచి ఎనిమిది వరకు పాలు పోసేవాళ్ళు కిటికీ ముందు వరసలో నిలబడతారు. ఒక్కొక్కరి పాలలోంచి కొంచెం గాజు జాడీలో పోసి, అందులో లాక్టోమీటరు వదలాలి. అదొక గాజు బుడ్డి. కింద సీసపు గుండ్లు, పైన సన్నని గొట్టం, గొట్టంలో అంకెలున్న కాగితం. పాలు చిక్కగా ఉంటే పైకి తేలుతుంది, నీళ్ళు కలిస్తే మునుగుతుంది. మా కేంద్రం పెట్టుకున్న గీత ఇరవై ఎనిమిది. అంతకు తగ్గితే పాలు వెనక్కి. పాలు వేడిగా ఉంటే అంకె తక్కువ చూపిస్తుంది కాబట్టి, ఇరవై ఏడు డిగ్రీలకు పైన ప్రతి డిగ్రీకీ ఐదో వంతు కలపాలి. చాలా కేంద్రాల్లో ఈ కలపడం ఎవరూ పట్టించుకునేవారు కాదు. నేను పట్టిక సొంతంగా రాసి గోడకు అంటించాను. ప్రతి జాడీలోనూ థర్మామీటరు పెట్టాను. వరస ఆలస్యమవుతోందని తిట్టినా వినలేదు.

గేటు దగ్గర నల్లబల్ల ఒకటి ఉండేది. నీళ్ళు కలిపినట్టు మూడుసార్లు తేలితే ఆ సభ్యుడి నెంబరు సుద్దతో దాని మీద రాసేవాళ్ళు. పేరు రాయరు, నెంబరే. ఊళ్ళో ఎవరి నెంబరు ఏదో అందరికీ తెలుసు కాబట్టి పేరు అక్కర్లేదు.

నలభై ఒకటో నెంబరు ఆమె నా ఈడుది. భర్త పోయాడు. మరిది వాళ్ళ పొలంలో, ఊరికి అవతల, ఒక కొట్టం. అందులో ఒక్కటే బర్రె. పూటకు నాలుగు లీటర్లు. అక్కడినుంచి నెత్తిన క్యాను పెట్టుకుని మైలు దూరం నడిచి వచ్చేది. ఊళ్ళో నాకు సీసలమ్మ అని పేరు పెట్టింది ఆమే. వచ్చేటప్పుడు గేటు పక్క బండి మీద రెండు గ్లాసుల చాయ్ తీసుకుని, ఒకటి నా కిటికీలో పెట్టేది.

"తాగు సీసలమ్మా. సలికి నీ సేతులు కొంకర్లు వోతున్నయ్."

"వద్దమ్మా. పాలు పోసేవాళ్ళ దగ్గర ఏమీ తీసుకోను."

"గిది పాలు గాదు, చాయ్."

"చాయ్‌లోనూ పాలున్నాయిగా."

"ఐతే గా బుడ్డి గీ చాయ్‌ల గూడ ముంచు, సూద్దాం!" అని వరసంతా నవ్వేలా అని, రెండో గ్లాసూ తనే తాగేది. తాగుతూ కిటికీకి ఆనుకుని ముచ్చట్లు చెప్పేది. బర్రె రాత్రి ఎందుకు అరిచిందో, మరిది కోడలు ఏ చీర కట్టిందో, శామీర్‌పేట సంతలో గడ్డి ఎట్లా ఉందో. నేను అంకెలు రాసుకుంటూ ఊఁ కొట్టేదాన్ని. మూడేళ్ళలో సెలవులు, పండగలు, ఆమెకు జ్వరం వచ్చిన రోజులు తీసేస్తే తొమ్మిది వందల పైచిలుకు గ్లాసులు వద్దన్నాను. రోజులో నాతో పనిలేని మాట మాట్లాడే మనిషి ఆమె ఒక్కతేనని నాకు అప్పుడు లెక్కకు రాలేదు.

1997 ఫిబ్రవరి మొదటి వారంలో ఆమె మరిది ఆ పొలాన్ని ప్లాట్ల వాళ్ళకు అమ్మేశాడు. కొట్టం తీసేయమన్నారు. మా కేంద్రం ప్రహరీకి ఆనుకుని ఆమెకు కొంచెం జాగా ఉంటే, అక్కడ రేకులు వేసుకుని బర్రెను కట్టేసింది. గోడకు ఇవతల నా ల్యాబు, అవతల ఆమె కొట్టం. "ఇగ నువ్వు పిలిస్తె పలుకుత" అంది. నడక తప్పినందుకు సంతోషంగా ఉంది.

ఫిబ్రవరి 10, సోమవారం. ఆమె పాలు జాడీలో పోసి చూస్తే ఇరవై అయిదున్నర. వేడి ముప్పై అయిదున్నర డిగ్రీలు. పట్టిక ప్రకారం ఒకటీ ముక్కాలుకు కాస్త తక్కువ కలిపితే ఇరవై ఏడూ రెండు పదో వంతులు. గీతకు ఎనిమిది పదో వంతులు తక్కువ. మూడేళ్ళలో ఆమె పాలు ఎన్నడూ గీత కింద పడలేదు. రెండోసారి చూశాను, అంతే. మూడోసారీ అంతే.

"పాలు వెనక్కమ్మా. అంకె తక్కువొచ్చింది."

ఆమె నవ్వింది, పరాచికం అనుకుంది. నేను నవ్వకపోయేసరికి ఆగింది.

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. మూడో రోజు సూపర్‌వైజరు నల్లబల్ల మీద 41 రాశాడు. ఆయన శామీర్‌పేట వైపు భూములున్న ఇంటి మనిషి, నవ్వుతూనే పని చేయించుకునే రకం. "మేడమ్, నీ లెక్క పక్కాగుందా? ఆడమనిషి మంచిదే" అని ఒక్కసారి అడిగాడు. నోటుపుస్తకం చూపించాను. "పక్కా ఐతే ఇగ నేనేం జేస్త" అని సుద్దముక్క తీసుకున్నాడు.

తొమ్మిది రోజులు ఆమె పాలు తెస్తూనే ఉంది, నేను తిప్పి పంపుతూనే ఉన్నాను. ఆ తొమ్మిది అంకెలు ఇప్పటికీ నా దగ్గరున్నాయి. అతి తక్కువ ఇరవై ఏడూ ఒకటి, అతి ఎక్కువ ఇరవై ఏడూ అయిదు. వాటి పొందిక చూసి నాకు గర్వంగా అనిపించింది. లెక్క కట్టాను. నాలుగు లీటర్లలో నూట పద్నాలుగు మిల్లీలీటర్ల నీళ్ళు. అంటే ఒక చాయ్ గ్లాసు. రోజూ అదే గ్లాసుతో కొలిచి పోస్తోంది కాబోలు అనుకున్నాను. దొంగతనంగా నీళ్ళు పోసే మనిషి రోజూ ల్యాబులో లాగా కొలిచి పోస్తుందా అని అడగాల్సింది. అడగలేదు. మళ్ళీ మళ్ళీ చూసినా అదే అంకె రావడం వేరు, ఆ అంకె నిజం కావడం వేరు. పుస్తకంలో మూడో పేజీలోనే ఉండే ముక్క ఇది.

ఫిబ్రవరి 18, మంగళవారం. తొమ్మిదిసార్లు పాలు వెనక్కి పోతే సభ్యుల రిజిస్టరులోంచి పేరు తీసేస్తారు, ఆమె పేరు కొట్టేసే రోజు అది. ఆ రోజు ఆమె వరసలో నిలబడలేదు, నేరుగా కిటికీ దగ్గరకొచ్చింది. చేతిలో క్యాను, పాల మీద నురగ ఇంకా బుసబుసలాడుతోంది.

"సీసలమ్మా, గిప్పుడే పిండిన. ఇగో సెయ్యి సూడు, ఇంక ఎచ్చగనే ఉన్నది. గోడ దాటేటందుకు ఎంత సేపు? ఏడికెళ్ళి గలుస్తయ్ నీళ్ళు?"

"నేను కలిపావనడం లేదమ్మా. అంకె చెబుతోంది."

"అంకెకు నోరుంటదా? నోరు నీది."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె తిరిగి చూడలేదు.

"మారింది కొట్టం. బర్రె గాదు, నేను గాదు. పది అడుగులు రా. నీ ముందట పిండుత. నీ బుడ్డి నువ్వే తెచ్చుకో."

"పాలు పోసేవాళ్ళ ఇళ్ళకు రాకూడదు. రూలు."

"రూలా?" అంది. క్యాను కిటికీలో పెట్టింది. "చాయ్ తాగకపోతివి, రూలన్నవ్. మంచిదే అనుకున్న. గిదీ రూలేనా?"

నేను జాడీలో పాలు పోసి లాక్టోమీటరు వదిలాను. ఇరవై ఏడూ మూడు. సూపర్‌వైజరు రిజిస్టరులో ఎర్రగీత గీశాడు. ఆమె క్యాను ఎత్తుకుని వెళ్ళిపోయింది.

తిప్పి పంపిన పాలలో ఒక సీసాడు సాయంత్రం దాకా ఉంచాలని మా పద్ధతి, ఎవరైనా తగువుకొస్తే చూపించడానికి. ఆ మధ్యాహ్నం హైదరాబాదు నుంచి కొత్త లాక్టోమీటరు వచ్చింది. డ్రైవరు దాన్ని తువ్వాలులో చుట్టి పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. పాతదానితో సరిపోతుందో లేదో చూడాలి. చేతికందింది నలభై ఒకటో నెంబరు సీసా. జాడీలో పోశాను. వేడి సరిగ్గా ఇరవై ఏడు డిగ్రీలు, కలపాల్సిందేమీ లేదు. కొత్తది ఇరవై ఎనిమిదిన్నర చూపించింది. కొత్తది తప్పనుకున్నాను. పాతది వదిలాను. ఇరవై ఎనిమిదిన్నర.

కుర్చీలో కూర్చున్నాను. పాలలో కలిసిన నీళ్ళు, సీసా మూత బిగించి ఉండగా, అయిదు గంటల్లో ఎటు పోతాయి?

ఎటూ పోవు. అంటే కలవలేదు.

ఇక్కడ నేను ఆగి నిజం రాయాలి. ఆ క్షణం లేచి పది అడుగులు నడిచి ఉంటే ఇది చిన్న పొరపాటుగా మిగిలిపోయేది. నేను సీసా కడిగి బోర్లించాను. ఒక్కసారి చూసినది రుజువు కాదని చెప్పుకున్నాను. మర్నాటి నుంచి వేరేవాళ్ళ పాలు దాచి మధ్యాహ్నం మళ్ళీ చూశాను. తేడా ఏమీ రాలేదు. వాళ్ళంతా దూరంనుంచి వచ్చేవాళ్ళు, పాలు దారిలోనే చల్లబడి వచ్చేవి. గోడ పక్కనుంచి, పొదుగు వేడితో వచ్చేవి ఆమెవొక్కటే. అది నాకు మూడో రోజుకే తట్టింది. తట్టినా పోలేదు. తప్పు ఒప్పుకోవాలంటే ఇంకా రుజువు కావాలంటూ పదకొండు రోజులు గడిపాను. ఆమెను తీసేయడానికి తొమ్మిది రోజులే పట్టింది.

ఆ పదకొండు రోజులూ కిటికీ దగ్గర ఎవరూ ఆనుకోలేదు. పాలు పోసి, నెంబరు చెప్పి, పోయేవాళ్ళు. గోడ అవతల బర్రె మెడ గంట వినిపించేది. ఆమె కేంద్రం ముందు నుంచే క్యాను మోసుకుని రోడ్డు మీది చాయ్ హోటలుకు పాలు పోయడానికి పోయేది. తల తిప్పేది కాదు.

ఫిబ్రవరి 28న గేటు పక్క బండి దగ్గర సూపర్‌వైజరు చాయ్ ఒక గుక్క తాగి, బండివాడితో అన్నాడు: "ఏందిర బై, గిట్ల నలభై ఒకటి జేసినవ్?"

అందరూ నవ్వారు. అప్పటికే అది మాటయిపోయింది. సల్ల పలచనైనా, పప్పు పలచనైనా ఊళ్ళో నలభై ఒకటి అంటున్నారట. ఆయన నావైపు చూసి, "మీ పుణ్యమే మేడమ్" అన్నాడు, మెప్పుగా.

మార్చి 1, శనివారం పొద్దున ఆరింటికి లాక్టోమీటరు, థర్మామీటరు, జాడీ పట్టుకుని గోడ చుట్టు తిరిగి కొట్టానికి పోయాను. ఆమె పొదుగు కడుగుతోంది. నన్ను చూసి లేవలేదు.

"ఏంది, ఇంటికొచ్చినవ్? రూలు మారిందా?"

"నా ముందు పిండుతానన్నావు కదా. పిండమ్మా."

"గప్పుడు అన్న. గిప్పుడు నాకేం పని?"

నేను కదలకుండా నిలబడ్డాను. చాలాసేపటికి ఆమె చెంబు తీసుకుని కూర్చుంది. పిండిన వెంటనే జాడీలో పోశాను. ముప్పై ఆరు డిగ్రీలు. కలపాల్సింది కలిపితే ఇరవై ఏడూ మూడు. నేను చూస్తుండగా పిండిన పాలు, నా గీతకే తక్కువ. చెప్పాను.

"ఇప్పుడు కూర్చోవాలి" అన్నాను.

క్యాను మీద గుడ్డ కప్పి, చెరో రాయి మీద కూర్చున్నాం. గోడ అవతల వరస మొదలైంది. "మేడమ్ రాలేదా?" అని సూపర్‌వైజరు గొంతు వినిపించింది. కొత్త లాక్టోమీటరు ల్యాబులోనే ఉంది, ఆ పూటకు ఆయనే చూసుకుంటాడనుకున్నాను. ఏడింటికి ఇరవై ఏడూ ఎనిమిది. ఎనిమిదింటికి ఇరవై ఎనిమిదీ రెండు. ఆమె ఈలోపు పేడ తీసింది, గడ్డి వేసింది. చాయ్ తేలేదు. ఆ రోజు తెచ్చి ఉంటే తాగేదాన్ని. తొమ్మిదింటికి ఇరవై ఏడు డిగ్రీల దగ్గర ఇరవై ఎనిమిదిన్నర. జాడీ ఆమెకు చూపించాను. అంకెలు చదవడం రాదు. గాజు గొట్టం ఎంత పైకి తేలిందో గోరుతో చూపించాను.

తరవాత హైదరాబాదు ఆఫీసులో ఒక పాత పుస్తకం తిరగేస్తే రెండు వరసల్లో రాసి ఉంది. అప్పుడే పిండిన పాలలో కంటికి కనపడని గాలి ఉంటుంది, వెన్న ఇంకా కరిగి ఉంటుంది. గంటలు గడిచేకొద్దీ గాలి పోతుంది, వెన్న గట్టిపడి తక్కువ చోటు తీసుకుంటుంది. ద్రవ్యరాశి మారదు, ఘనపరిమాణం తగ్గుతుంది, సాంద్రత పెరుగుతుంది. మొదటి పాఠమే. నేను వేడిని లెక్కలోకి తీసుకున్నాను కాబట్టి అన్నీ తీసుకున్నాననుకున్నాను.

కొట్టంలో మాత్రం ఇదంతా చెప్పలేకపోయాను. "నీళ్ళు లేవమ్మా. కొలవడంలో తప్పు నాదే. పదకొండు రోజుల కిందటే నాకు తెలిసింది" అన్నాను. ఆ చివరి మాట చెప్పాలో లేదో రాత్రంతా ఆలోచించి, చెప్పాలని నిర్ణయించుకుని వచ్చాను.

ఆమె చేతులు చీరకు తుడుచుకుంది. "మంచిగైంది" అంది. క్యాను మీద గుడ్డ తీస్తూ, "గిప్పుడు నువ్వు నమ్మింది నన్నా, గా బుడ్డినా?"

నేను జాడీలో పాలు ఆమె క్యానులో వంపి, బుడ్డి తుడుచుకుని బయటికొచ్చాను.

ఆ రోజే నల్లబల్ల మీద, 41 ఉన్న చోటే, "నలభై ఒకటో నెంబరు పాలు మంచివి. తప్పు కొలిచిన మనిషిది" అని రాసి కింద సంతకం పెట్టాను. సూపర్‌వైజరు పరిగెత్తుకొచ్చాడు.

"మన తప్పు మనం బోర్డు మీద రాసుకుంటమా మేడమ్? రేపటికెళ్ళి ప్రతోడు బుడ్డి తప్పంటడు. నేను పరేషాన్ అయిత. తుడిచెయ్, సప్పుడు జేయకు, పేరు మల్ల ఎక్కిస్త."

"తొమ్మిది రోజులు ఉండాలండీ. ఆమె నెంబరు ఎన్నాళ్ళుందో అన్నాళ్ళు" అన్నాను. నిజానికి ఆమె నెంబరు పద్దెనిమిది రోజులుంది. ఆ మాట గుర్తొచ్చి పద్దెనిమిదీ ఉంచాను. నాకు మెమో వచ్చింది. హైదరాబాదు ల్యాబుకు రావలసిన ప్రమోషను ఆగింది. అందులో అన్యాయమేమీ లేదు. పేరు మళ్ళీ ఎక్కింది. ఒక కొత్త పద్ధతి కూడా పెట్టించాను. పది నిమిషాల లోపు దూరంనుంచి వచ్చే పాలు రెండు గంటలు ఆగాకే కొలవాలి, పోసినవాళ్ళు కూర్చోవడానికి కిటికీ పక్కన ఒక బండ వేయాలి. బండ వేయించాను. అంత దగ్గరున్న ఇల్లు ఒక్కటే. ఆమె రాలేదు. హోటలుకే పోసింది. ఆరేళ్ళ నాలుగు నెలలు ఆ బండ ఖాళీగా ఉంది. ఎవరైనా క్యాను దించితే, "అక్కడ పెట్టకండి" అనేదాన్ని.

2003 జూన్ 30, సోమవారం నాడు రిటైరయ్యాను. దండ వేశారు, గోడ గడియారం ఇచ్చారు. నా పట్టికను గోడమీదనుంచి ఊడదీయబోతే చిరిగింది, వదిలేశాను. పదకొండింటికి బయటికొచ్చి, బస్సు ఎక్కకుండా, రోడ్డు మీది ఆ హోటలుకు పోయి ఒక చాయ్ అడిగాను. ఎవరి పాలో నాకు తెలుసు. చిక్కగా ఉంది. అడుగున గ్లాసు కాలుతోంది, గుక్కగుక్కకు ఊదుకుంటూ తాగుతున్నాను.

ఖాళీ క్యాను తీసుకుపోవడానికి ఆమె వెనక గదిలోంచి వచ్చింది. జుట్టు తెల్లబడింది. నన్ను చూసి ఆగింది. నా చేతిలో గ్లాసు చూసింది.

"ఎట్లున్నది?"

"చాలా బాగుంది."

"కొల్వకుంటనే జెప్తున్నవా, సీసలమ్మా?"

నవ్విందో లేదో తెలియలేదు. నేను తలెత్తేసరికి క్యాను చంకన పెట్టుకుని రోడ్డు దాటుతోంది. లారీలు అడ్డొచ్చి కనపడలేదు. గ్లాసులో ఇంకా సగం ఉంది. అది చల్లారేదాకా అక్కడే కూర్చున్నాను.